ముక్కులో గడ్డ ఆపరేషన్: ముందు ఏం చూసుకోవాలి, తర్వాత ఎలా కాపాడుకోవాలి, మళ్లీ వస్తే ఎలా పసిగట్టాలి

"ముక్కులో కండ పెరిగిందంటే తీయించాం, ఏడాది తిరక్కముందే మళ్లీ వచ్చింది. ఎందుకు?" తిరుపతి, చిత్తూరు వైపు నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఇది. చాలామంది విషయంలో జవాబు ఒక్కటే. అది మళ్లీ పుట్టలేదు, మొదటిసారి మిగిలిపోయిందే పెరిగింది. ఈ గడ్డలు ముక్కు నిండా కనబడినా, అంటుకుని ఉండేది మాత్రం ఎక్కడో ఒక చిన్న చోట. ఆ మొదలు పోకుండా ముందుకు వేలాడే కండ ఎంత తీసినా లాభం లేదు. కింద రాసిన ప్రతి మెట్టూ ఆ మొదలు ఎక్కడుందో తెలుసుకోవడానికి, దాన్ని తీశారా లేదా అని సరిచూసుకోవడానికే.

ఇది క్యాన్సర్ కాని గడ్డల కోసం రాసింది. రెండు పక్కలా ఎలర్జీతో వచ్చే మామూలు పాలిప్స్, అంటే పొర వాచి వేలాడే కండల దారి వేరు. వాటికి ఆపరేషన్ కన్నా ఆ తర్వాత వాడే స్ప్రేలు ముఖ్యం.

మీ కాగితంలో ఏ పేరుంది?

ఇన్వర్టెడ్ పాపిలోమా: ఎక్కువగా నలభై దాటినవాళ్లలో, మగవాళ్లలో, ఒకే పక్క వస్తుంది. గడ్డ పైకి కాకుండా లోపలి పొరలోకి తలకిందులుగా పెరుగుతుంది కాబట్టి ఆ పేరు. మళ్లీ రావడంలో ఇదే మొండిది. సుమారు 5 నుంచి 10 శాతం మందిలో దీనితోపాటు క్యాన్సర్ ఉంటుంది, లేదా తర్వాత వస్తుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

జువెనైల్ యాంజియోఫైబ్రోమా: దాదాపు ఎప్పుడూ మగపిల్లల్లోనే, పది నుంచి ఇరవై ఏళ్ల మధ్య వస్తుంది. ముక్కు మూసుకుపోవడం, ఊరికే ధారగా రక్తం కారడం దీని గుర్తులు. గడ్డ నిండా రక్తనాళాలే.

ఆస్టియోమా: సైనస్‌లో, అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదిలో, పెరిగే ఎముక గడ్డ. నుదుటి సైనస్‌లో ఎక్కువ. చాలాసార్లు వేరే దేనికో తీసిన స్కాన్‌లో కనబడుతుంది. నొప్పి లేకుండా, దారి మూయకుండా ఉంటే కోయకుండా స్కాన్‌తో గమనిస్తూ ఉండవచ్చు. పూర్తిగా తీస్తే మళ్లీ రావడం అరుదు.

రక్తనాళాల చిన్న గడ్డ, అంటే పయోజెనిక్ గ్రాన్యులోమా: ముక్కు దూలం ముందు భాగంలో ఎర్రగా, తాకితే రక్తం వచ్చేలా ఉంటుంది. గర్భిణుల్లో వస్తే కాన్పు తర్వాత దానంతటదే చిన్నదవుతుంది, తొందరపడక్కర్లేదు.

నిజమైన గడ్డలు కాకపోయినా వీటితో కలగలిసిపోయేవి మరో రెండున్నాయి. మొదటిది పిల్లల్లో, యువకుల్లో చెంప సైనస్ నుంచి పుట్టి గొంతు వెనక్కి వేలాడే యాంట్రోకోనల్ పాలిప్. సైనస్ లోపలి మొదలు వదిలేస్తే ఇదీ తిరిగి వస్తుంది. రెండోది రైనోస్పోరిడియోసిస్. చెరువుల్లో, కుంటల్లో మునిగి స్నానం చేసేవాళ్లలో దక్షిణాదిన కనబడే జబ్బు ఇది. పండిన స్ట్రాబెర్రీలా ఎర్రగా, పైన తెల్లటి చుక్కలతో ఉంటుంది. మొదలంటా కోసి ఆ చోటును కాల్చాలి. చాలామందికి తర్వాత కొన్ని నెలలు డాప్సోన్ ఇస్తారు. ఆ మందుకు ముందు జీ6పీడీ రక్తపరీక్ష చేశారా అని అడగండి. ఆ లోపం ఉన్నవాళ్లకు డాప్సోన్‌తో రక్తకణాలు పగిలిపోతాయి.

దగ్గర ఉంచుకోవలసినవి

- స్కాన్ సీడీ లేదా పెన్‌డ్రైవ్. ఫిల్మ్ ఒక్కటే ఉంటే చాలదు
- పాత ఆపరేషన్ ఏదైనా అయి ఉంటే దాని నోట్సు, బయాప్సీ రిపోర్టు
- వాడుతున్న మందుల చీటీ, ఆయుర్వేదం, హోమియోతో సహా
- ఆధార్, రేషన్ కార్డు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకోవాలంటే చేరకముందే ఆసుపత్రిలోని ఆ కౌంటర్లో మీ ఆపరేషన్ పేరు చెప్పి, పథకంలో ఉందో లేదో అడగండి. చేరాక అడిగితే అనుమతి వచ్చేదాకా మంచం మీద కూర్చోవాలి
- 240 మి.లీ. ముక్కు కడిగే సీసా, మూతున్న స్టీలు గిన్నె, ఉప్పు, వంటసోడా
- ఒక చిన్న నోటు పుస్తకం

1. ఒకే పక్క మూసుకుపోతే స్కాన్ లేకుండా కోత వద్దు

రెండు పక్కలా మార్చి మార్చి బిగిస్తే అది చాలావరకు జలుబో ఎలర్జీయో. ఒకే పక్క నెలల తరబడి మూతపడి, అదే పక్క రక్తపు చార, నీరు, వాసన తెలియకపోవడం ఉంటే ముందు ఎండోస్కోపీ, అంటే ముక్కులోకి సన్నని కెమెరా పెట్టి చూడడం, తర్వాత స్కాన్ కావాలి. "కాస్త కండ ఉంది, పది నిమిషాల్లో లాగేస్తాం" అని స్కాన్ లేకుండా ఎవరన్నా వద్దనండి. రెండోసారి ఆపరేషన్‌కి వచ్చేవాళ్లలో చాలామంది కథ అక్కడే మొదలవుతుంది. పైకండ లాగేస్తారు, దాన్ని పరీక్షకు కూడా పంపరు. ఏడాది తర్వాత అసలు ఏ గడ్డో చెప్పే ఆధారం ఎక్కడా ఉండదు.

ముక్కులో పసర్లు పిండి, యాసిడ్ లాంటివి పూసి "కరిగిస్తాం" అనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఇన్వర్టెడ్ పాపిలోమా ఏ చుక్కలకూ కరగదు. పొర కాలిపోయి అతుక్కుంటుంది, తర్వాత సర్జన్‌కి మొదలు కనబడకుండా పోతుంది.

2. స్కాన్ సరిగ్గా తీయించుకోండి

మొదట సైనస్‌ల సీటీ, సన్నని ముక్కలుగా, మూడు దిశల్లోనూ చూడగలిగేలా. ఇన్వర్టెడ్ పాపిలోమా అంటుకున్న చోట ఎముక తరచూ కొద్దిగా మందంగా, కొమ్ములా లేచి ఉంటుంది. సర్జన్ వెతికేది దాన్నే. రిపోర్టులో "గడ్డ ఉంది" అని మాత్రమే రాసి ఉంటే, ఎముక మందం ఏ గోడకుందో ఫిల్మ్ మీద చూపించమని సర్జన్‌ని అడగండి.

తర్వాత ఎమ్మారై, గడ్డ స్పష్టంగా కనబడేలా నరంలోకి మందు (కాంట్రాస్ట్) ఎక్కించి. అందరికీ అక్కర్లేదు. కానీ సీటీలో సైనస్ మొత్తం బూడిదరంగుగా నిండిపోయి కనబడితే అందులో గడ్డ ఎంత, దాని వెనక ఇరుక్కున్న చీమిడి ఎంత అన్నది ఎమ్మారై మాత్రమే విడదీస్తుంది. ఇన్వర్టెడ్ పాపిలోమా ఎమ్మారైలో మెదడు మడతల్లాంటి వంకర చారలుగా కనబడుతుంది. కంటిగూడు, మెదడు కింది ఎముక, నుదుటి సైనస్ దగ్గరికి వెళ్లిన గడ్డలకు, యాంజియోఫైబ్రోమాకు ఎమ్మారై తప్పనిసరి అనుకోండి.

మందు ఎక్కించే స్కాన్‌కి ముందు క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, చూపించుకోండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే సెంటర్లో ముందే చెప్పండి. గట్టి జలుబు ఉన్న వారంలో స్కాన్‌కి వెళ్లకండి, వాచిన పొరలన్నీ గడ్డలాగే కనబడి లెక్క తప్పుతుంది.

3. బయాప్సీ: పెద్దవాళ్లకు ముందే, మగపిల్లలకు అస్సలు వద్దు

పెద్దవాళ్లలో ఒక పక్క గడ్డకు స్కాన్ అయ్యాక చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం మంచిది. ఆ ముక్కలో క్యాన్సర్ లేదంటే గడ్డ మొత్తంలోనూ లేదని కాదు. ఆ సంగతి చివరి రిపోర్టులోనే తేలుతుంది.

పది నుంచి ఇరవై ఏళ్ల అబ్బాయికి ఒక పక్క మూత, రక్తం కారడం ఉంటే ఓపీ కుర్చీలో ముక్క తీయనివ్వకండి. యాంజియోఫైబ్రోమాను గిల్లితే రక్తం ఆగక ప్రాణాంతకమవుతుంది. దీన్ని మందు ఎక్కించిన స్కాన్ చూసే నిర్ధారిస్తారు. ఈ ఒక్క హెచ్చరిక మీ ఇంటిపక్క పిల్లాడికి అవసరమైనా చెప్పండి.

4. ఒప్పుకునే ముందు సర్జన్‌ని అడగవలసినవి

రాసుకెళ్లండి, ఎదురుగా కూర్చుంటే సగం మరచిపోతారు.

- గడ్డ ఏ గోడకు అంటుకుందని అనుకుంటున్నారు?
- ముక్కులోంచి ఎండోస్కోప్‌తోనే అందుతుందా? పైపెదవి కింద నుంచో, నుదుటి మీదో కోత కావాలా?
- అంటుకున్న చోట ఎముకను డ్రిల్ చేస్తారా?
- ఇలాంటి గడ్డలు మీరు ఎన్ని తీశారు? పరికరం లోపల ఎక్కడుందో స్కాన్ మీద చూపించే నావిగేషన్ ఉందా?
- యాంజియోఫైబ్రోమా అయితే: ఆపరేషన్‌కి ముందు రక్తనాళాన్ని లోపలి నుంచి మూసే ఎంబొలైజేషన్ ఎక్కడ చేస్తారు? రక్తం ఎన్ని యూనిట్లు సిద్ధంగా ఉంటుంది?

చివరి ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే ఇంకోచోట అడగండి. ఎంబొలైజేషన్ అయ్యాక 24 నుంచి 72 గంటల్లోపు ఆపరేషన్ జరగాలి. ఆలస్యమైతే గడ్డకు పక్కదారి నాళాలు తెరుచుకుంటాయి. అంటే రెండు పనులూ ఒకే చోట, లేదా పక్కపక్కనే కుదరాలి.

పెద్ద గడ్డలకు బోధనాసుపత్రే మేలు. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ దగ్గరే. ముక్కు డాక్టరుతోపాటు కంటి డాక్టరు, న్యూరో సర్జన్, రక్తనిధి ఒకే ఆవరణలో ఉండడం ఈ ఆపరేషన్‌లో అలంకారం కాదు, అవసరం.

కాగితంలో "క్రౌస్" అని, పక్కన టీ1 నుంచి టీ4 వరకు ఏదైనా కనబడితే అది ఇన్వర్టెడ్ పాపిలోమాకు 2000లో ప్రతిపాదించిన దశల లెక్క. టీ1 అంటే ముక్కులోనే ఉంది. టీ4 అంటే ముక్కు, సైనస్‌లు దాటి బయటికి పాకింది, లేదా క్యాన్సర్ తోడైంది. మిగతావి ఏ సైనస్ దాకా వెళ్లిందన్నది.

5. ముందు వారం

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచన చేసే మందులు ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరు, సర్జన్ ఇద్దరూ కలిసి చెప్పాలి. స్టెంట్ వేసుకున్నవాళ్లు సొంతంగా ఆపితే గుండెపోటు రావచ్చు. అదే సమయంలో, చెప్పకుండా వాడుతూ వస్తే ఆపరేషన్ మధ్యలో రక్తంతో కెమెరా మూసుకుపోయి, మొదలు కనబడక సగంలో ఆపాల్సి వస్తుంది. చేపనూనె మాత్రలు, విటమిన్ ఈ, వెల్లుల్లి మాత్రలు, తెలియని ఆయుర్వేద పొడులు వారం ముందే మానండి. నొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ బదులు పారాసెటమాల్ వాడండి.

బీపీ అదుపులో ఉండాలి. ముక్కులో రక్తస్రావం బీపీతోపాటే పెరుగుతుంది. ఆ రోజు ఉదయం బీపీ మాత్ర వేసుకోవాలా అని మత్తు డాక్టర్ని అడిగి, వేసుకోమంటే గుక్కెడు నీళ్లతో వేసుకోండి. ఘనాహారం ఆరు గంటల ముందు, ఒట్టి నీళ్లు రెండు గంటల ముందు ఆపాలి. పాలు కలిసిన కాఫీ నీళ్ల లెక్కలోకి రాదు. "కొంచెం కాఫీ అంతే కదా" అన్నందుకు ఆపరేషన్ వాయిదా పడడం మామూలే.

6. ఆ రోజు మీ తరఫువాళ్లు చేయవలసిన పని

థియేటర్ బయట ఉన్నవాళ్లకు ఒక్కటే పని: తీసిన గడ్డ మొత్తం పరీక్షకు వెళ్లిందా అని చూసుకోవడం. గడ్డను చిన్న చిన్న ముక్కలుగా చెక్కి పీల్చే యంత్రం వాడితే, పీల్చిన ముక్కలు కూడా జాలీలో పట్టి పంపాలి. అంటుకున్న చోటు నుంచి తీసిన ముక్క వేరే డబ్బాలో, "మొదలు" అని తెలిసేలా లేబుల్‌తో ఉంటే ఇంకా మంచిది. డబ్బా మీద పేరు, ఐపీ నంబరు, ఏ పక్క అన్నది మీరే చదివి చూడండి.

7. మొదటి రెండు రోజులు

ముక్కులో ప్యాక్ పెడితే సాధారణంగా 24 నుంచి 48 గంటల్లో తీస్తారు. కరిగిపోయే ప్యాక్ అయితే తీయరు, కడిగేటప్పుడు జిగురు ముద్దల్లా వస్తుంది, భయపడక్కర్లేదు. నోటితో గాలి పీల్చడం వల్ల గొంతు ఎండుతుంది. గుక్క గుక్కగా నీళ్లు తాగండి, పెదవులకు వాజలైన్ రాయండి. తల కింద రెండు మూడు దిండ్లు పెట్టి ఎత్తుగా పడుకోండి. ముక్కు కింద కట్టిన గాజుగుడ్డ గులాబీ రంగులో తడుస్తుంటే మామూలే. గంటకోసారి ఎర్రగా నిండిపోతుంటే నర్సును పిలవండి.

8. రెండు వారాలు ఈ పనులు వద్దు

ముక్కు చీదవద్దు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి, ముక్కు పట్టుకుని ఆపుకోవద్దు. కంటిగూటి గోడ పలచబడి ఉంటే చీదిన గాలి కంటి చుట్టూ పొరల్లోకి దూరి రెప్ప బుడగలా ఉబ్బుతుంది.

ఐదు కిలోలకు మించి ఎత్తవద్దు. నిండు బిందె, గ్యాస్ సిలిండరు, చంటిబిడ్డను చంకనెత్తుకోవడం, అన్నీ ఇందులోకే వస్తాయి. మలబద్ధకం ఉంటే ముక్కవద్దు, విరేచనం మెత్తబడే మందు అడగండి.

వేడి వేడి సంగటి, పొగలు కక్కే సాంబారు, ఊరిబిండి కారం వారం పది రోజులు పక్కన పెట్టండి. సంగటి గోరువెచ్చగా చల్లారాక తినవచ్చు. తలస్నానానికి వేడినీళ్లు వద్దు. పొగాకు, ముక్కుపొడి, మద్యం మానండి.

మొక్కు ఉందని అలిపిరి మెట్లు ఎక్కవద్దు. 3,550 మెట్లు ఎక్కే శ్రమకు బీపీ లేచి, మూసుకున్న నాళం తెరుచుకుంటుంది. కనీసం నాలుగు వారాలు ఆగి, సర్జన్ సరేనన్నాక వెళ్లండి. తలనీలాలు ఇచ్చేటప్పుడు తల చాలాసేపు వంచి ఉంచుతారు, దానికీ ఇదే గడువు. పుష్కరిణిలో గానీ, ఏ కోనేరు, చెరువులో గానీ తల ముంచడం పుండు పూర్తిగా మానేదాకా వద్దు.

రక్తం పోటెత్తేది మొదటి రోజే కాదు. ఐదో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య పుండు మీద కట్టిన పొక్కు ఊడినప్పుడు హఠాత్తుగా రావచ్చు. కుప్పం, పలమనేరు, పుంగనూరు లాంటి దూరాల నుంచి వచ్చినవాళ్లు ఈ రెండు వారాలు ఆపరేషన్ చేసిన ఊళ్లోనో, గంటలో చేరగలిగే చోటో ఉండండి. రక్తం వస్తే ఇలా చేయండి: నిటారుగా కూర్చుని ముందుకు వంగండి. ముక్కు మెత్తని భాగాన్ని పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కిపట్టండి. నోట్లోకి వచ్చింది ఉమ్మేయండి, మింగితే వాంతి అవుతుంది. పడుకోబెట్టి తల వెనక్కి వంచడం మన ఇళ్లలో అందరూ చేసే తప్పు. పదిహేను నిమిషాలకు ఆగకపోయినా, గొంతులోకి ధారగా దిగుతున్నా 108కి ఫోన్ చేయండి.

9. ముక్కు కడగడం

ఆపరేషన్ ఎంత బాగా జరిగినా ఈ పని సరిగ్గా చేయకపోతే పొక్కులు గడ్డకట్టి, అతుకులు పడి, లోపల ఏముందో డాక్టర్‌కి కనబడదు. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో మొదలుపెట్టమంటారు. మెదడు నీరు, అంటే మెదడు చుట్టూ ఉండే ద్రవం, కారే చోటుకు అతుకు వేసి ఉంటే మాత్రం సర్జన్ చెప్పేదాకా ముట్టుకోవద్దు.

నీళ్లు: బోరు నీళ్లు, కొళాయి నీళ్లు, ఆర్వో నీళ్లు ఏవీ నేరుగా వద్దు. సలసలా మరిగాక మూడు నుంచి ఐదు నిమిషాలు మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చండి. అరుదైనా, వస్తే దాదాపు ప్రాణం తీసే మెదడు తినే అమీబా ముక్కులోకి పోయే నీళ్లతోనే ఎక్కుతుంది. తాగితే ఏమీ చేయని నీళ్లు కూడా ముక్కుకు పనికిరావు. కాచిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయండి.

ఉప్పు: లీటరుకు 9 గ్రాములు. మెత్తని ఉప్పయితే టీ చెంచాతో సమానంగా గీసి ఒకటిన్నర. ఒక్క సీసాకు, అంటే 240 మి.లీ.కి, చెంచాలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. కళ్లుప్పును చెంచాతో కొలిస్తే తక్కువ పడుతుంది, పొడి చేసి కొలవండి. సీసాకు చిటికెడు వంటసోడా వేస్తే మంట తగ్గుతుంది. మెడికల్ షాపులో దొరికే పొట్లాలు ఇంకా సులువు. రుచి చూస్తే కన్నీళ్లంత ఉప్పగా ఉండాలి. ముక్కులో మంట పుడితే ఉప్పు తక్కువైనా కావచ్చు, ఎక్కువైనా కావచ్చు. ఒట్టి నీళ్లు పోసినా మండుతుంది. మండిందని ఉప్పు తగ్గించుకుంటూ పోతే మంట పెరుగుతూనే ఉంటుంది.

పద్ధతి: మణికట్టు మీద వేసుకుంటే వెచ్చదనం తెలిసీ తెలియనంత ఉండాలి. సింకు మీదికి నడుము వంచి, నేల చూస్తూ, నోరు తెరిచి "ఆ..." అంటూ సీసాను మెల్లగా నొక్కండి. "ఆ" అంటున్నంతసేపు అంగిలి లేచి ఉంటుంది, నీళ్లు గొంతులోకి దిగవు. సగం సీసా ఒక పక్క, సగం ఇంకో పక్క. మొదట్లో రోజుకు మూడు నాలుగుసార్లు, తర్వాత రెండుసార్లు. అయ్యాక చీదకుండా తలను కుడికీ ఎడమకీ వంచి కారనివ్వండి.

చెంప సైనస్ గోడ తీసేసిన ఆపరేషన్ అయితే లోపల గదిలో నీళ్లు నిలుస్తాయి. గంటా రెండు గంటల తర్వాత వంగినప్పుడు బొటబొటా కారతాయి. ఇది మెదడు నీరేమోనని చాలామంది హడలిపోతారు. తేడా ఇలా చూడండి. నిద్రలేచి ఇంకా కడగకముందే, వంగినప్పుడు ఒక పక్క నుంచే స్వచ్ఛమైన నీరు చుక్కలుగా పడుతూ, గొంతులో ఉప్పగా తగులుతుంటే అనుమానించాలి. తెల్లగుడ్డ మీద పట్టి ఆరనివ్వండి. చీమిడి ఆరితే గుడ్డ గంజిపెట్టినట్టు బిరుసవుతుంది, మెదడు నీరు అలా బిరుసెక్కదు. ఇది ఇంటి గుర్తు మాత్రమే. శుభ్రమైన చిన్న సీసాలో కాస్త పట్టుకుని అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్షతో తేలుస్తారు.

సీసాను రోజూ వేడినీళ్లతో కడిగి బోర్లించి ఆరబెట్టండి, మూడు నెలలకు మార్చండి. పొక్కులు మెత్తబడతాయని కొబ్బరినూనె చుక్కలు వేయవద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది.

వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసినవి: చూపు మసకబారడం, రెండుగా కనబడడం, కన్ను ముందుకు ఉబ్బడం, మెడ బిగిసి తలనొప్పితో జ్వరం. చెంప, పైపళ్ల తిమ్మిరి, ఆ పక్క కన్ను నీరు కారడం కొన్ని వారాలు ఉండవచ్చు. తర్వాత డాక్టరుకు చూపించుకునేటప్పుడు చెప్పండి.

10. పొక్కులు తీయించుకోవడానికి తప్పకుండా వెళ్లండి

సాధారణంగా వారానికి, మూడు వారాలకు, ఆరు వారాలకు. ఎముక డ్రిల్ చేసిన చోట పొర ఎక్కడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అప్పటిదాకా పొక్కులు కడుతూనే ఉంటాయి. మే నెల తిరుపతి ఎండల్లో ఇంకా ఎక్కువ. గాలి బాగానే ఆడుతోందని మానేసేది సరిగ్గా ఈ దశలోనే.

11. బయాప్సీ రిపోర్టు చదవండి

కుట్లు లేవు, నొప్పి లేదు అని రిపోర్టు తీసుకోనివాళ్లున్నారు. అందులో గడ్డ పేరు ఉండాలి. డిస్‌ప్లేసియా, అంటే క్యాన్సర్ వైపు మళ్లే కణాల మార్పు, ఉందా, ఎంత అన్నది ఉండాలి. క్యాన్సర్ ఉందో లేదో స్పష్టంగా ఉండాలి. డిస్‌ప్లేసియా ఎక్కువగా ఉందంటే డాక్టరుకు చూపించుకునే గడువు తగ్గాలి. గడ్డ ముక్కను భద్రపరిచిన స్లైడ్లు, మైనపు బ్లాకు నంబరు నోటు పుస్తకంలో రాసుకోండి, ఇంకోచోట రెండో అభిప్రాయం అడిగితే అవే కావాలి.

ఆపరేషన్ నోట్సు నకలు కూడా అడిగి తీసుకోండి. డిశ్చార్జి కాగితంలో "ఎండోస్కోపిక్ సర్జరీ చేశాం" అన్న ఒక్క వాక్యం దేనికీ పనికిరాదు. గడ్డ ఏ గోడకు అంటుకుంది, ఆ చోట ఏం చేశారు అన్న రెండు విషయాలు రాసి ఇవ్వమనండి.

12. మళ్లీ వస్తోందా అని చూసుకోవడం

ఇన్వర్టెడ్ పాపిలోమాకు మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది నాలుగు నుంచి ఆరు నెలలకోసారి, ఐదేళ్లదాకా ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఎండోస్కోపీ. ఎక్కువభాగం మొదటి రెండు మూడేళ్లలో బయటపడతాయి, కానీ ఐదేళ్లు దాటాక వచ్చినవీ ఉన్నాయి. నుదుటి సైనస్ లాంటి కెమెరా అందని చోటైతే ఎమ్మారై కూడా కావాలి. యాంజియోఫైబ్రోమాకు మూడు నుంచి ఆరు నెలల మధ్య ఒక ఎమ్మారై, తర్వాత కొన్నేళ్లు ఏటా. అబ్బాయికి ఒక్కసారి ధారగా రక్తం కారినా గడువు కోసం ఆగవద్దు.

ఇంట్లో నెలకోసారి ఈ పరీక్ష చేసుకోండి. చల్లటి స్టీలు పళ్లాన్ని ముక్కు కింద అడ్డంగా పట్టి, నోరు మూసుకుని మామూలుగా ఊపిరి వదలండి. రెండు మసక మచ్చలు పడతాయి. ఏది పెద్దది, ఏది ముందు ఆరిపోయింది అని నోటు పుస్తకంలో రాయండి. ఒక్కసారి చూసి తేల్చుకోవద్దు. ఆరోగ్యమైన ముక్కులో కూడా కొన్ని గంటలకోసారి ఒక పక్క బిగిసి ఇంకో పక్క తెరుచుకుంటుంది. అందుకే పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడుసార్లు పట్టాలి. మూడుసార్లూ ఆపరేషన్ పక్క మచ్చే చిన్నదై, తర్వాతి నెలకు ఇంకా చిన్నదైతే చూపించుకోండి. కళ్లు మూసి ఒక్కో రంధ్రంతో కాఫీ పొడి వాసన చూడడం కూడా రాసుకోండి. కర్పూరం, అమృతాంజనం వాడవద్దు. అవి వాసన నరం పోయినా ఘాటుగా తగులుతాయి, బాగుందని మోసపోతారు.

పళ్లెం రెండు పక్కలా బాగానే చూపిస్తున్నా డాక్టరుకు చూపించుకోవడం మానవద్దు. వేరుశనగ గింజంత గడ్డ గాలికి అడ్డం రాదు. కెమెరాకు మాత్రం కనబడుతుంది. ఆ దశలో పట్టుకుంటే చిన్న పనితో పోతుంది.

13. నిజంగానే తిరిగి వస్తే

మొదటి పని కొత్త స్కాన్ కాదు, పాత కాగితాలు వెతకడం. పాత సీడీ, ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు మూడూ కొత్త సర్జన్ ముందు పెట్టండి. తర్వాత ఎమ్మారై. మానిన మచ్చకూ, వాచిన పొరకూ, గడ్డకూ తేడా సీటీలో సరిగ్గా తెలియదు. మళ్లీ బయాప్సీ కూడా కావాలి, ఎందుకంటే తిరిగి వచ్చిన ఇన్వర్టెడ్ పాపిలోమా ఈసారి క్యాన్సర్‌గా మారి ఉండవచ్చు. యాంజియోఫైబ్రోమాకు మాత్రం బయాప్సీ వద్దన్న మాట రెండోసారీ వర్తిస్తుంది. అది చిన్నదై, ఇబ్బంది పెట్టకుండా ఉంటే కొన్నాళ్లు ఎమ్మారైతో గమనించడమూ ఒక దారే. పెరుగుతుంటేనే కోస్తారు.

రెండో ఆపరేషన్‌లో కంటి వైపు, మెదడు వైపు ఉండే గుర్తులు మొదటిసారే పోయి ఉంటాయి. అందుకే నావిగేషన్ ఉన్న చోటు ఎంచుకోండి. నాలుగో మెట్టులోని ప్రశ్నలే మళ్లీ అడగండి, ఒకటి కలిపి: పోయినసారి ఏ గోడ మిగిలింది?